పాత స్టీరియో రిసీవర్: కొనుగోలు, మరమ్మతు

రేడియో ట్యూనర్, ప్రీ ఆంప్లిఫయర్, పవర్ ఆంప్లిఫయర్ మూడూ ఒకే పెట్టెలో ఇమిడిన సెట్టును స్టీరియో రిసీవర్ అంటారు. స్పీకర్లు అందులో ఉండవు, విడిగా తగిలించుకోవాలి. రికార్డు ప్లేయర్‌కూ టేప్ డెక్‌కూ వెనక సాకెట్లుంటాయి. తెలుగునాట ఈ పేరు జనం నోట నలగలేదు. రిసీవర్ అంటే మనకు ఫోనులో చెవి దగ్గర పెట్టుకునే ముక్కే. ఈ పెట్టెను ఆంప్లిఫయర్ అనో, డెక్ అనో, ఇంకా తేలిగ్గా ‘ఫారిన్ సెట్టు’ అనో పిలిచారు.  

1960ల మధ్య నుంచి 1980ల తొలినాళ్ల దాకా తయారైన ట్రాన్సిస్టర్ సెట్లను ఈ వ్యాసం పాత రిసీవర్లుగా తీసుకుంటుంది. హైదరాబాద్, శంషాబాద్, షాద్‌నగర్ ప్రాంతంలో అలాంటిది కొని బాగు చేయించుకునేవారికి మొదట తేలాల్సింది సెట్టు వయసు కాదు, అది ఏ దేశపు కరెంటు కోసం తయారైందన్నది. ఇక్కడ కాలిపోయిన సెట్లలో చాలావాటిని చంపింది ముసలితనం కాదు, గోడకున్న ప్లగ్గు.

పుట్టుక

రెండు చానళ్ల ఎల్పీ రికార్డులు 1958 ప్రాంతంలో మార్కెట్‌లోకి వచ్చాయి. అమెరికాలో ఎఫ్ఎం రేడియోను స్టీరియోలో ప్రసారం చేయడానికి 1961లో అనుమతి దొరికింది. ఈ రెంటి మధ్య పుట్టిన వస్తువు స్టీరియో రిసీవర్. హర్మన్ కార్డన్, ఫిషర్, స్కాట్ వంటి అమెరికన్ కంపెనీలు మొదట వాల్వులతో చేశాయి. తర్వాత సిలికాన్ ట్రాన్సిస్టర్ వచ్చింది, దాని వెనకే జపాన్ వచ్చింది. పయొనీర్, సాన్సూయి, కెన్‌వుడ్, యమహా, సోనీ, టెక్నిక్స్ ఒకదాన్ని మించి ఒకటి బరువైన పెట్టెలు దించాయి. మరాంట్జ్ అమెరికన్ పేరే గానీ 1964లో సూపర్‌స్కోప్ చేతికి పోయాక దాని రిసీవర్ల తయారీ కూడా క్రమంగా జపాన్‌కు మళ్లింది. ఆ కంపెనీ 22 సిరీస్‌లో నంబరులోని చివరి రెండంకెలే వాట్లు. 2230 అంటే చానల్‌కు 30 వాట్లు, 2270 అంటే 70.

వాట్ల లెక్క అప్పట్లో అచ్చంగా సంత బేరమే. ఎవరికి తోచిన అంకె వాళ్లు అట్ట మీద వేసుకునేవారు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో దీన్ని కట్టడి చేసింది. రెండు చానళ్లూ ఒకేసారి పనిచేస్తూ ఆగకుండా ఎంత ఇవ్వగలవో ఆ అంకే ప్రకటించాలంది. 1990లలో మన ఊళ్ల టేప్ రికార్డర్ల మీద వెయ్యి వాట్ల పీఎంపీవో అంటూ ఉబ్బించిన లెక్కల స్టిక్కర్లు చూసినవాళ్లకు ఆ నిబంధన విలువ వెంటనే అర్థమవుతుంది. ఆ నిబంధన కింద అమ్మిన సెట్టు మీద 15 వాట్లని రాసి ఉంటే అవి నిజం వాట్లు, ఓ మోస్తరు గదికి చాలు. నిబంధన వచ్చాక పోటీ తగ్గలేదు, నిజమైన అంకెలతోనే సాగింది. 1978 నాటి పయొనీర్ ఎస్‌ఎక్స్-1980 చానల్‌కు 270 వాట్లు ఇచ్చేది, 35 కిలోల పైచిలుకు తూగేది. సేకరణదారులు దాని కోసం పడిచస్తారు. ఇంట్లో పాటలు వినేవాడికి మాత్రం దాంతో పనిలేదు.

1982లో సీడీ వచ్చింది. ఆ దశకంలోనే డయల్ దారాలు, అల్యూమినియం ముఖాలు పోయి ప్లాస్టిక్ బటన్లు, వెలిగే అంకెలు వచ్చాయి. ఈ వస్తువు కథ అక్కడికి దాదాపు ముగిసింది.

తెలుగునాట ముందు పెట్టె, తర్వాత ప్రసారం

నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. విజయవాడ కేంద్రం అంతకు ముందే 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఇవన్నీ మీడియం వేవ్ ప్రసారాలు, ఒకే చానల్. దేశంలో తొలి ఎఫ్ఎం ప్రసారం 1977లో మద్రాసులో మొదలైంది. హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్ఎం 2006లో గానీ రాలేదు. అంటే 1975లో ఎవరైనా అబిడ్స్‌లో ఓ మేడ మీద స్టీరియో రిసీవర్ పెట్టుకుంటే దాని ముఖం మీద సగం మేర వెలిగే ఎఫ్ఎం డయల్‌లో సముద్రపు హోరు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆ సెట్లు ఇక్కడ రికార్డులకూ క్యాసెట్లకూ ఆంప్లిఫయర్లుగానే బతికాయి. వాటిలోని ఎఫ్ఎం భాగం చాలాసార్లు అరగని చెప్పులా కొత్తగా ఉండటానికి కారణం అదే.

పైగా రేడియో ఉంటే లైసెన్సు ఉండాలి. పోస్టాఫీసులో డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకునే ఆ పద్ధతి 1980ల మధ్యలో పోయింది. విదేశీ ఎలక్ట్రానిక్ సామాన్ల మీద కస్టమ్స్ సుంకం మోతగా ఉండేది. అందుకే దేశీయ తయారీ కొంత నిలబడింది. 1970లో కలకత్తాలో మొదలైన సోనోడైన్, బొంబాయి కాస్మిక్, ఫిలిప్స్ సెట్లు మధ్యతరగతి ఇళ్లలోకి వెళ్లాయి. హైదరాబాద్‌లో ఎ.ఎస్.రావు సారథ్యంలో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ రిసీవర్ల జోలికి పోకుండా ఈసీ టీవీలు చేసింది. అయినా ఈ నగరంలో సోల్డరింగ్ ఐరన్ పట్టిన చేతులు పెరగడంలో ఆ టీవీల పాత్ర చిన్నది కాదు. అంతకన్నా సాదా దారి ఇంకోటుండేది. రెండు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, ఓ బోర్డు, ఓ ట్రాన్స్‌ఫార్మర్ కొని రేకు పెట్టెలో మెకానిక్ అమర్చి ఇచ్చే ఆంప్లిఫయర్. పెళ్లి పందిళ్లలో మోగినవి ఎక్కువగా ఇవే.

సెట్టు ఎటునుంచి వచ్చింది

ఇవాళ హైదరాబాద్ చుట్టుపక్కల దొరికే విదేశీ రిసీవర్లు మూడు దారుల్లో వచ్చాయి.

పాతది గల్ఫ్ దారి. 1970ల నుంచి పాతబస్తీ, కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల వాళ్లు దుబాయి, కువైట్, సౌదీ పోయి సెలవుల్లో పెట్టె కట్టుకుని దిగేవారు. గల్ఫ్ దుకాణాల్లో అన్ని దేశాల కూలీలూ కొనేవారు గనక అక్కడ అమ్మిన సెట్ల వెనక తరచుగా వోల్టేజి మార్చే చక్రం ఉండేది. 110, 127, 220, 240 అని నాలుగు గుర్తులు. ఆ 127 సౌదీ కోసం, అప్పట్లో అక్కడి ఇళ్లలో ఆ వోల్టేజే నడిచింది. ఇలాంటి సెట్టు మనకు అన్నిటికన్నా మేలు. చక్రాన్ని 240 మీద పెడితే సరిపోతుంది. అయితే ఎవరో ఎప్పుడో చక్రాన్ని తిప్పి ఉండొచ్చు. ప్లగ్గు పెట్టేముందు ఆ గుర్తు చూడటానికి అరనిమిషం పట్టదు. చూడకపోతే ఆ అరనిమిషంలోనే అయిపోతుంది.

రెండోది అమెరికా దారి, శంషాబాద్ విమానాశ్రయం దారి అన్నా తప్పులేదు. 2008 మార్చిలో అది మొదలయ్యాక అటు వెళ్లినవారి రాకపోకలన్నీ ఈ రోడ్డు మీదే. పది పదిహేను కిలోల మధ్యరకం సెట్లు సూట్‌కేసులో వస్తాయి, పెద్దవి ఇల్లు ఖాళీ చేసిన సామానుతో ఓడలో వస్తాయి. ముఖం కిందికి పెట్టి సర్దిన సెట్టుకు వాల్యూమ్ కాడ వంగి, డయల్ అద్దం పగిలి ఉంటుంది. అమెరికా సెట్టు 120 వోల్టులదే, వెనక మార్చే చక్రం సాధారణంగా ఉండదు. మన 230లో పెడితే లోపలి వోల్టేజి దాదాపు రెట్టింపవుతుంది, ఫ్యూజు పోతే అదృష్టం. దీనికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అది సెట్టు వెనక రాసిన వాట్లకన్నా బాగా పెద్దదై ఉండాలి. అక్కడి కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు, మనది 50. అందుచేత లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ కాస్త ఎక్కువ వెచ్చబడుతుంది. అమెరికా ఎఫ్ఎంలో పై స్వరాలను సర్దే పద్ధతి కూడా వేరు, 75 మైక్రోసెకన్లు. మనది 50. ఆ సెట్టులో మన ఎఫ్ఎం కొంచెం మందంగా వినిపిస్తుంది, ట్రెబుల్ ఓ గీత పెంచుకుంటే సరి. డిజిటల్ ట్యూనర్ ఉన్నదైతే ఇంకో చిక్కు. అది మీడియం వేవ్‌లో 10 కిలోహెర్ట్జ్ అంగలేస్తుంది, మన కేంద్రాలు 9 చొప్పున ఉంటాయి. హైదరాబాద్ 738 దాని లెక్కలో లేదు, 740 మీద ఆగి గరగరలాడుతుంది. దారంతో ముల్లు జరిగే పాత డయల్‌కు ఈ బాధ లేదు.

మూడోది జపాన్ లోపల అమ్మిన సెట్టు. చూడ్డానికి అన్నిటికన్నా శుభ్రంగా ఉంటుంది, ధర కూడా ఊరిస్తుంది. 100 వోల్టులు, ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్. హైదరాబాద్‌లో వినే ప్రధాన ఎఫ్ఎం కేంద్రాలన్నీ 91కి పైనే. వివిధ భారతి 102.8లో ఉంది. రికార్డులకు మాత్రమే అనుకుంటే తీసుకోవచ్చు, రేడియో కోసమైతే వద్దు.

వీటికి తోడు మద్రాసు బర్మా బజారులో కొన్న సరుకు కొంత ఉంది. అందులో ఏ దేశానిదైనా ఉండొచ్చు. వెనక పలక చదవడమే మార్గం.

కొనేటప్పుడు

షాద్‌నగర్ వంటి ఊళ్లో ఇవి దుకాణంలో దొరకవు. ఇల్లు కూలగొట్టేటప్పుడో, పెద్దాయన పోయాక గది సర్దేటప్పుడో అటక మీంచి దిగుతాయి. దిగినదాన్ని పాత సామాన్లవాడు రాగి, అల్యూమినియం బరువు చూసి కొంటాడు. నగరంలో పురానాపూల్ దగ్గరి జుమ్మెరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారపు సంత ఇలాంటి సరుకు తిరిగే చోట్లు. సంతలో బేరం తెల్లవారుజామున తెగుతుంది, పదింటికి వెళ్తే రంగు వేసిన ముఖాలే మిగులుతాయి. సాన్సూయి, అకాయ్ పేర్లు చూసి మోసపోవద్దు. మన దగ్గర తర్వాత టీవీల మీద కనిపించినవి లైసెన్సు పేర్లు, 1970ల రిసీవర్లతో వాటికి సంబంధం లేదు.

అమ్మేవాడు సెట్టు ఆన్ చేసి చూపిస్తానంటే వెంటనే ఒప్పుకోకూడదు. ముందు ఫ్యూజు చూడాలి. గాజు ఫ్యూజు స్థానంలో వైరు పోగు చుట్టి ఉంటే ఆ సెట్టులో ఇదివరకే ఏదో కాలింది, దాన్ని దాటించడానికి ఎవరో వైరు పెట్టారు. ఇక మిగతావన్నీ అనుమానించాల్సిందే. ఆన్ చేశాక చాలా సెట్లలో మూడు నుంచి ఐదు సెకన్లు ఆగి లోపల ‘టక్’మనాలి. స్పీకర్లను కాపాడే రిలే పడిన చప్పుడది. ఆ టక్ వినిపిస్తే పవర్ భాగం చాలావరకు బతికున్నట్టే. వినిపించకపోతే చిన్న లోపమూ కావచ్చు, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయీ ఉండొచ్చు. ధర ఆ రెండోదాన్ని బట్టి మాట్లాడాలి. వాల్యూమ్ తిప్పితే గరగర రావడం పెద్ద లోపం కాదు, బేరానికి పనికొస్తుంది.

రిలే పడి, దీపాలు వెలిగి, చప్పుడు మాత్రం రాని సెట్లు కొన్నుంటాయి. వెనక ప్రీ అవుట్, మెయిన్ ఇన్ అని పక్కపక్కన ఉండే సాకెట్లను కలిపే చిన్న లోహపు కొక్కేలు ఊడిపోయి ఉంటాయి. లేదా ముందు టేప్ మానిటర్ బటన్ నొక్కి ఉంటుంది. చచ్చిందని తుక్కు ధరకు ఇచ్చేసిన సెట్లలో ఇలాంటివీ ఉంటాయి. ఈ విషయం అమ్మేవాడికి ఎప్పుడు చెప్పాలన్నది కొనేవాడి మనస్సాక్షికే వదిలేయాలి.

బల్ల మీద

మెకానిక్ బల్ల మీద మొదటి పరికరం మీటరు కాదు, సిరీస్ బల్బు. అరవై లేదా వంద వాట్ల పాతకాలపు తీగ బల్బును సెట్టుకు వెళ్లే కరెంటు దారిలో వరసలో పెడతారు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి, లోపలి కండెన్సర్లు నిండేకొద్దీ మందగించి, చివరికి ఎర్రటి పోగులా మిగులుతుంది. అలా మందగిస్తే ప్రాణం లేచొచ్చినట్టే. భగ్గుమన్నది అలాగే నిలిచిపోతే లోపల షార్ట్, వెంటనే ఆపేయాలి. బల్బు లేకుండా పెట్టి ఉంటే ఆ మంట ట్రాన్సిస్టర్లలో మండి ఉండేది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. కిరాణా కొట్లలో తీగ బల్బులు కరువైన ఈ రోజుల్లో రెండు మూడు కొని దాచుకోవడం మంచిది.

మూత తీయగానే కనిపించేది దుమ్ము, బొద్దింకలు, ఒక్కోసారి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల నడుమ ఎండిపోయిన బల్లి. మెత్తని కుంచె, గాలి ఊదే యంత్రం చాలు. ముట్టుకునేముందు పెద్ద ఫిల్టర్ కండెన్సర్లను ఖాళీ చేయాలి. ప్లగ్గు తీశాక కూడా వాటిలో ఛార్జి నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసి నిప్పులు రాల్చడం మెకానిక్ షాపుల్లో వీరవిద్యగా చలామణీ అవుతుంది గానీ సరైన పద్ధతి వంద ఓమ్‌ల లావుపాటి రెసిస్టర్‌తో మెల్లగా దించడమే.

తర్వాత గరగర. స్విచ్‌లు, కంట్రోళ్ల లోపలి పొరల మీద తుప్పు, పొగ చేరతాయి. వాటికోసం చేసిన కాంటాక్ట్ క్లీనర్ కాస్త చిమ్మి ఓ ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పితే సగం జబ్బులు ఆ ఒక్క పనితో పోతాయి. ఒక చానల్ రాకపోవడం, వచ్చిపోవడం కూడా తరచుగా ఇదే. ట్యూనింగ్ రేకుల మీద మాత్రం చిమ్మకూడదు, కేంద్రాలు స్థానం తప్పుతాయి. డయల్ అద్దాన్ని బయటివైపు మాత్రమే తుడవాలి. లోపలివైపు అచ్చువేసిన అంకెలు స్పిరిట్ తగిలితే గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. నలభై ఏళ్లు నిలిచిన అక్షరాలు రెండు సెకన్లలో పోవడం చూసినవాళ్లు మళ్లీ ఆ తప్పు చేయరు.

ఇక కండెన్సర్లు. ఎలక్ట్రోలైటిక్ రకంలో తడి రసాయనం ఉంటుంది, అది రబ్బరు మూతలోంచి ఏళ్ల తరబడి ఆవిరవుతుంది. విలువ పడిపోతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. ఎండలో కాగే అటకల మీద ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మారిస్తే అదే మైక్రోఫారడ్లు, అంతే లేదా ఎక్కువ వోల్టులు, 105 డిగ్రీలు తట్టుకునేవి వేయాలి. ప్లస్, మైనస్ తారుమారైతే పేలుతుంది. అన్నీ ఒక్క రోజులో పీకేయడం ఉత్సాహవంతుల పొరపాటు. తర్వాత ఏదైనా మూగబోతే తప్పు ఎక్కడో తెలియదు. ఒక బోర్డు మార్చి, సిరీస్ బల్బు మీద మోగించి, ఆ తర్వాతే రెండోదానికి పోవాలి. పెద్ద ఫిల్టర్ కండెన్సర్లు ఉబ్బకుండా హమ్మింగ్ లేకుండా ఉంటే వాటిని కదపనక్కర్లేదన్నది ఈ రచయిత అభిప్రాయం, దీన్ని ఒప్పుకోని మెకానిక్కులు చాలామంది ఉన్నారు. వాటిని అంటించడానికి అప్పట్లో వాడిన జిగురును మాత్రం గీకేయాల్సిందే. పసుపురంగు జిగురు కాలక్రమంలో గోధుమరంగుకు తిరిగి, కరెంటును పారనిచ్చి, పక్కనున్న కాళ్లను తినేస్తుంది.

వర్షం పడుతున్నట్టు, పల్లీలు వేగుతున్నట్టు చిటపటలు వినిపిస్తే అది ట్రాన్సిస్టర్ జబ్బు. జపాన్ సెట్లలో వాడిన 2ఎస్‌సీ458, 2ఎస్ఏ726 ఇందుకు పేరుమోసినవి. మారిస్తే చప్పుడు అక్కడితో ఆగుతుంది.

చివరగా మీటరు. స్పీకర్లు తీసేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ సాకెట్ల దగ్గర డీసీ చూడాలి. 50 మిల్లీవోల్టులకు లోపుంటే మంచిది. వందలు చూపిస్తే స్పీకర్ తగిలించకూడదు. తర్వాత సర్వీస్ మాన్యువల్ చెప్పిన మేరకు బయస్, అంటే పాట లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు, సర్దాలి, అదీ సెట్టు పావుగంట వేడెక్కాకే. దీపాలు, చెదలు తిన్న చెక్క పెట్టె, ముఖం మెరుపు వంటివన్నీ ఆఖరి పనులు. మనవాళ్లు వాటితోనే మొదలుపెడతారు. మరాంట్జ్ నీలి వెలుగు కోసం తెల్లటి ఎల్ఈడీలు వేస్తే డయల్ ఆస్పత్రి వరండాలా తయారవుతుంది. వెచ్చని రంగువి వేయాలి.

విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ దగ్గరిది, అక్కడ లేనివాటికి చెన్నై రిచీ స్ట్రీట్. కన్నూరులో తయారయ్యే కెల్ట్రాన్ కండెన్సర్లు నమ్మదగినవి. పవర్ ట్రాన్సిస్టర్లలోనూ, పవర్ ఆంప్లిఫయర్ ఒకే ముక్కలో ఉండే ఎస్టీకే ఐసీల్లోనూ నకిలీలు విపరీతం. ఎస్టీకే ఐసీ మీద నడిచే సెట్టు కొనేముందు ఆ ముక్క పోతే అసలుది మళ్లీ దొరుకుతుందా అని ఆలోచించాలి. విడి ట్రాన్సిస్టర్లతో కట్టిన సెట్టులో ఆ భయం తక్కువ, దాదాపు ప్రతి ముక్కకూ ప్రత్యామ్నాయం ఉంది.

షాద్‌నగర్‌లో స్టేషన్ పట్టడం

హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్ల దూరాన ఎఫ్ఎం వినిపిస్తుంది గానీ స్టీరియో దీపం మిణుకుమిణుకుమంటుంది. స్టీరియోకు మోనోకన్నా చాలా బలమైన సంకేతం కావాలి. వెనక వేలాడే వైరు ముక్క చాలదు. పాత టీవీ యాంటెన్నాల చదునైన రిబ్బన్ వైరు 1.4 మీటర్లు కోసి, రెండు కొసల్లోనూ రెండు తీగలను కలిపి, మధ్యలో ఒక తీగను తెంచి ఆ రెండు చివరలనూ అదే వైరుతో 300 ఓమ్‌ల సాకెట్లకు తెచ్చుకుంటే వివిధ భారతికి సరిపోయే యాంటెన్నా తయారవుతుంది. దాన్ని డాబా మీద అడ్డంగా కట్టి, హైదరాబాద్ వైపు దాని కొస కాకుండా పొడవు భాగం ఉండేలా తిప్పాలి. అప్పటికీ హోరు ఉంటే మోనో బటన్ నొక్కుకోవడమే. ఆ బటన్ పెట్టింది అందుకే.

కొనదలచినవారికి ఒక్క మాట. అమ్మేవాడు పంపే పది ఫొటోల్లో తొమ్మిది ముఖానివే ఉంటాయి. వెనక పలక ఫొటో అడగండి, అందులో వోల్టేజి అంకె చదవగలిగేలా ఉండాలి. అది పంపనివాడి దగ్గర సెట్టు ఎంత చవకైనా కొనవద్దు.